పంజరంలో పాఠకుడు

డబ్లిన్‌లో సెయింట్ పాట్రిక్ కెథెడ్రల్‌ను ఆనుకుని మార్ష్ లైబ్రరీ ఉంది. ఐర్లండ్‌లో మొట్టమొదటి ప్రజా గ్రంథాలయం ఇదే. ఆర్చిబిషప్ నార్సిసస్ మార్ష్ దీన్ని కట్టించాడు. 1707లో పార్లమెంటు దీనికో చట్టం కూడా చేసింది. అంతకుముందు ఆయన డబ్లిన్ ట్రినిటీ కాలేజీకి అధిపతి. అక్కడి లైబ్రరీలోకి బయటివాళ్ళను అడుగుపెట్టనిచ్చేవారు కాదు. ఆ లోటు తీర్చడానికి వెలిసిన ఈ లైబ్రరీ ‘ప్రజలు’ అంటే పట్టభద్రులు, పెద్దమనుషులు అనుకుంది. తర్వాత పుస్తకాలు మాయమవుతూ వచ్చాయి. లోపలికి రానిచ్చింది పెద్దమనుషులనే కాబట్టి, పట్టుకుపోయింది ఎవరో వేరే విచారించనక్కర్లేదు.

పరాయి చేతికెళ్ళిన పుస్తకం తిరిగి రాదని మన పెద్దలు ఏనాడో తేల్చేశారు. డబ్లిన్ వాళ్ళు ఆ మాట విని ఉండరు గాని, మందు మాత్రం కనిపెట్టారు. పొడవాటి హాలు, రెండు వైపులా నల్లబడ్డ ఓకు బీరువాలు, ప్రతి బీరువా నెత్తిన చెక్కిన బిషప్ టోపీ. వాటిని దాటుకుంటూ వెళ్తే తీగల జాలీ బిగించిన గదులు మూడు కనిపిస్తాయి. అరుదైన పుస్తకం అడిగిన పాఠకుణ్ణి, పుస్తకంతో సహా అందులో పెట్టి తాళం వేసేవారట. జూలో బోనులు జంతువుల నుంచి మనుషుల్ని కాపాడతాయి; ఇక్కడి బోనులు మనుషుల నుంచి పుస్తకాల్ని కాపాడాయి. ఇప్పటి యాత్రికులు ఇరవై అయిదు వేల పుస్తకాల కన్నా ఈ మూడు బోనుల్నే ఎక్కువసేపు చూస్తారేమో.

అంచుల్లో రాసే అలవాటు మాత్రం ఏ బోనుకూ లొంగలేదు. రచయిత జొనాథన్ స్విఫ్ట్ ఒక చరిత్ర గ్రంథం నిండా స్కాట్లండ్ వాళ్ళను తిడుతూ రాసుకున్న ప్రతి ఇక్కడే ఉంది. సామాన్యుడు రాస్తే అది పాడుచేయడం, స్విఫ్ట్ రాస్తే వారసత్వ సంపద! 1916లో బ్రిటిష్ పాలనపై లేచిన ఈస్టర్ తిరుగుబాటు నాటి తుపాకీ గుళ్ళు కూడా కొన్ని పుస్తకాల్లోకి దూరాయి. బోనులో కూర్చోకుండా, ఎవరి అనుమతీ అడక్కుండా పుస్తకాల లోతుకు వెళ్ళినవి అవే.

ఇక దయ్యం. మార్ష్ సోదరుడి కూతురు గ్రేస్ 1695లో ప్రేమించినవాడితో వెళ్ళిపోతూ ఓ పుస్తకంలో చీటీ పెట్టిందనీ, దానికోసం మార్ష్ ఆత్మ రాత్రిళ్ళు బీరువాలు వెతుకుతుందనీ అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఈ వెతుకులాట ఓ పద్ధతిలో సాగడం లేదనిపిస్తుంది. లైబ్రరీ పుస్తకాల్లో దాదాపు పదివేలు స్టిలింగ్‌ఫ్లీట్ అనే ఇంగ్లండ్ బిషప్ పుస్తకాలు. మార్ష్ వాటిని రెండున్నర వేల పౌండ్లు పోసి 1705లో, అంటే పిల్ల వెళ్ళిపోయిన పదేళ్ళకు కొన్నాడు. వాటి జోలికి పోనక్కర్లేదు. పైగా ప్రాచ్యభాషల రాతప్రతుల్ని ఆయనే ఆక్స్‌ఫర్డ్‌కు రాసిచ్చాడు. చీటీ వాటిలో చిక్కుకుని ఉంటే ఆత్మగారు సముద్రం దాటాలి.