కడుపు నిండిన బంగారు వేట

అలాస్కాలోని స్కాగ్వే జనాభా 2020 లెక్కల్లో 1,240. వేసవిలో రద్దీ రోజున నాలుగు క్రూయిజ్ ఓడలు రేవుకొచ్చాయంటే ఊళ్ళో తలకి ఎనిమిది మంది చుట్టాలు. వండిపెట్టక్కర్లేదు, పక్కలు వెయ్యక్కర్లేదు. చీకటి పడే లోపు వాళ్ళే పోతారు.

1898లో ఇదే రేవులో దిగినవాళ్ళు కెనడాలోని క్లోండైక్ బంగారం కోసం వచ్చారు. ఏడాదికి సరిపడా తిండీ సామానూ, సుమారు టన్ను బరువు, వెంట ఉంటేగానీ కెనడా పోలీసులు కొండ దాటనిచ్చేవారు కాదు. నేటి యాత్రికుడూ బరువు మోసుకునే దిగుతాడు, కాకపోతే కడుపులో. ఓడలో మూడు పూటల తిండికీ డబ్బు కట్టేశాక ఊళ్ళో తినడమంటే నష్టమే కదా! అందుకే పన్నెండయ్యేసరికి భోజనానికి వెనక్కి పరిగెడతాడు. ఊరు అతనికిచ్చేది మరుగుదొడ్డీ, వైఫై.

ఏం కొనాలో మాత్రం ముందు రాత్రే ఓడలో పాఠం చెప్పి పంపుతారు. చేతిలో మ్యాపు, అందులో సిఫార్సు చేసిన దుకాణాలు. ఆ సిఫార్సుకి దుకాణమే డబ్బు కడుతుందన్న సంగతి అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. కూపను చూపిస్తే లాకెట్ ఉచితం. లాకెట్ కోసం లోపలికెళ్ళినవాడు నీలిరాయి ఉంగరంతో బయటపడతాడు. అది టాంజనైట్. ప్రపంచం మొత్తంలో ఒక్క టాంజానియాలోనే తవ్వే ఆఫ్రికా రాయి. అలాస్కా గుర్తుగా భేషుగ్గా ఉంటుంది.

సియాటిల్ అల్లుడు వెంట తీసుకొచ్చిన అత్తగారు స్కాగ్వే బ్రాడ్‌వే వీధి చివరిదాకా నడిచి అడిగిందట: "ఊరెక్కడ బాబూ? ఈ మాత్రం బంగారం కొట్లు మన పొద్దుటూరులో లేవా?" ఆ ఓడలో తెలివైన ప్రయాణికురాలు ఆవిడొక్కతే.

ఈ వ్యాపారానికి ఆదిగురువు ఈ ఊళ్ళోనే ఉండేవాడు. పేరు సోపీ స్మిత్. సబ్బు పొట్లంలో నోటుందని నమ్మించి అమ్మి ఆ పేరు సంపాదించాడు. స్కాగ్వేలో టెలిగ్రాఫు ఆఫీసు కూడా తెరిచాడని చెప్పుకుంటారు: టెలిగ్రాముకి అయిదు డాలర్లు, తీగ మాత్రం గోడ దాటదు. ఊరికి నిజం తీగ వచ్చింది 1901లో. పాపం స్మిత్‌ని 1898 జూలై 8న రేవులోనే కాల్చి చంపారు. లైసెన్సు తీసుకుని, కూపన్లు అచ్చేసుకుని ఉంటే సన్మానం జరిగేది.

నాటి బంగారు దారిలో వేసిన రైలు ఇప్పుడు విహారానికి తిరుగుతోంది. 2018లో దాన్ని కొన్నవాళ్ళలో ఒక క్రూయిజ్ కంపెనీ కూడా ఉంది. ఓడ వాళ్ళదే, ఓడ దిగాక రైలూ వాళ్ళదే. అక్టోబరులో ఓడలు ఆగిపోతే నగల కొట్లకి తాళాలు. వజ్రాలమ్మిన వీధిలో మిగిలినవాళ్ళు టమాటాల కోసం వారానికోసారి వచ్చే సరుకు పడవ వైపు చూస్తుంటారు.

తిరుగు ప్రయాణంలో కెనడా ఊరు విక్టోరియా. విదేశీ జెండా ఓడ సియాటిల్‌లో ఎక్కించుకున్నవాళ్ళని మధ్యలో ఒక్క పరాయి దేశపు రేవైనా తాకకుండా మళ్ళీ సియాటిల్‌లో దించకూడదని 1886 నాటి అమెరికా చట్టం. ఓడలకేమో బహామాస్ జెండా, పనామా జెండా. అందుకని చట్టం నోరు మూయించడానికి రాత్రి ఎనిమిదింటికి కెనడాలో దించుతారు. మూసేసిన కొట్ల ముందు ఒక సెల్ఫీ, పదకొండింటికి మళ్ళీ ఓడ. పొద్దున్నే వాట్సాప్‌లో స్టేటస్: "కెనడా కూడా అయిపోయింది!"