పదిహేను గంటల సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: హైదరాబాదునకు, శాన్‌ఫ్రాన్సిస్కోకు నడుమ ఆకాశమార్గము 13,500 కిలోమీటర్లు, గంటకు 900 చొప్పున ప్రయాణకాలము 15 గంటలు.

ప్రతిపదార్థం: సుగమం గనుక విడువబడింది.

టీక: ఇక్కడ దూరమనగా మహావృత్త చాపం, అంటే భూకేంద్రం గుండా పోయే తలం భూమి ఉపరితలాన్ని ఖండించగా ఏర్పడిన వృత్తంలో రెండు ఊళ్లనూ కలిపే చిన్న భాగం. దీన్ని కొలవాలంటే ముందు భూమి ఎంతో తెలియాలి కాబట్టి పూర్వాచార్యుల మతాలను విచారించక తప్పదు.

ఆర్యభటుడు భూవ్యాసం 1,050 యోజనాలన్నాడు. సూర్యసిద్ధాంతం 1,600 అంటుంది. నడుమ భూమి ఉబ్బిందనడం కుదరదు గనుక యోజనాలే వేరని సమాధానం. ఆర్యభటీయంలో యోజనమంటే 8,000 నృలు. నృ అనగా నాలుగు మూరల మనిషి నిలువు. 1,050ని 8,000తో హెచ్చవేస్తే 84 లక్షలు వస్తుంది, అంటే ఒకరి తలపై ఒకరుగా నిలబడిన 84 లక్షల మంది భూమికి అడ్డకొలత అవుతారు. జీవరాశుల లెక్క కూడా 84 లక్షలే కావడంలోని రహస్యం గ్రంథవిస్తరభీతిచే వివరింపబడలేదు. నేడు సగటు వ్యాసం 12,742 కిలోమీటర్లని తేలింది గనుక దాన్ని ఆ జనానికి పంచితే తలకు ఒకటిన్నర మీటరు, ఆ లెక్కన మూరకు 15 అంగుళాలు దక్కుతాయి. మూర అంటే 18 అంగుళాలు కదా అని ఆక్షేపించేవారు గుడి ముందు మల్లెపూలు ఎన్నడూ కొని ఉండరు.

ప్రస్తుతానికి వస్తే, ఆ పాత కొలతలో మనిషైనా ఉన్నాడు. సూత్రకారుని భాగహారంలో మనిషీ లేడు, గాలీ లేదు. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడపగా, దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగినా, జెట్ స్ట్రీమ్ అనే, చాలా ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే గాలి వెనుక నుంచి తోయడంతో ప్రయాణకాలం తగ్గింది. దూరాన్ని వేగంతో భాగించేవారికి ఇది మింగుడుపడదు.

గాలి సంగతి అలా ఉంచితే, కూతురి పురిటికి బయలుదేరిన విజయవాడ దంపతులకు ఈ సూత్రాన్ని చదివి, ఒక్క కునుకు తీస్తే చాలని ధైర్యం చెప్పే అల్లుళ్లు అనేకులు. శంషాబాదు దాకా ఐదు గంటల కారు ప్రయాణాన్ని, మూడు గంటల ముందే హాజరు కావడాన్ని, దుబాయిలో విమానం మారేటప్పుడు మోకాళ్లు పట్టుకుని నడవడాన్ని, దిగిన తరువాత ఇమ్మిగ్రేషన్ వరుసలో అరిగిన వేళ్ల ముద్రలు పడక అందరి ముందూ చేతులు తుడుచుకోవడాన్ని ఏ చాపంలో కలపాలో సూత్రకారుడు చెప్పడు, అల్లుడూ చెప్పడు.

తాత్పర్యం: దుబాయి మీదుగా వెళ్లేవారికి గాలిలో గడిచేదే సుమారు 20 గంటలు. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం ఇక్కడికంటే వేసవిలో పన్నెండున్నర, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనుక నడుస్తుంది కాబట్టి, ఉదయం విమానమెక్కి ఒక పగలూ రాత్రీ గడిపినవారు దిగేసరికి బయలుదేరిన తేదీయే ఉంటుంది. అది చూసి సూత్రకారుడు ప్రయాణకాలం శూన్యమని తేల్చకపోవడం అతని దయ.