ప్లగిన్ పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం (ఆటవెలది):

గిటరు చేత బట్టి కేబులు డబ్బాకు
తొడిగి, ప్లగిను తెరిచి తుదకు మీట
నాంపు లేని యింట నాంపులు వందలు
లేచి మోగునిల్లు లేవకుండ.

అవతారిక: నాయకుడు సికింద్రాబాద్ వాస్తవ్యుడు. తార్నాకలో అద్దె వాటా, కింద ఓనరు గారు, పక్కన ఎంట్రన్స్ పరీక్షల పిల్లలు. లాలాగూడ రైల్వే క్వార్టర్ల ఆంగ్లో ఇండియన్లకు గిటార్ పాత చుట్టమే గాని, ఈ వాటాలో గట్టి ఆంప్ (యాంప్లిఫయర్) పెడితే నెల తిరక్కుండానే ఖాళీ చేయమంటారు. అందుచేత ఈ ఉపాయం.

ప్రతిపదార్థం: గిటరు = ఎలక్ట్రిక్ గిటారును (ఛందస్సు కోసం పేరు కుదించాడు; ధర కుదించడం కవి వశం కాదు); కేబులు = రెండు కొసలా పావంగుళం జాక్ ఉన్న వైరును; డబ్బాకు = గిటారును కంప్యూటరుకు కలిపే ఆడియో ఇంటర్‌ఫేసుకు; ప్లగిను = ఆంప్‌ను అనుకరించే సాఫ్ట్‌వేరును; ఇల్లు = లక్షణావృత్తి చేత ఇంట్లోవారు, విశేషించి ఓనరు గారు; లేవకుండ = నిద్ర చెడకుండా.

తాత్పర్యం: స్పష్టము.

విశేషాలు: అనవసరమైనది చెప్పనని మెదక్ కొల్చారం వాడైన వ్యాఖ్యాత మల్లినాథ సూరి ప్రతిజ్ఞ. ఈ టీకాకారుడు అలాంటి మాట ఇవ్వలేదు.

"తొడిగి" అన్నాడే గాని ఏ రంధ్రంలోనో కవి చెప్పలేదు. ఇదే పెద్ద లోపం. పికప్ అంటే అయస్కాంతాల చుట్టూ వేల చుట్లు తిప్పిన సన్నని రాగి తీగ. దానికి సుమారు పది లక్షల ఓమ్‌ల ఇంపిడెన్స్ ఉన్న ఇన్‌పుట్ కావాలి. డబ్బా మీద "ఇన్‌స్ట్" మీట అందుకే. పదివేల ఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే ట్రెబుల్ చచ్చిపోతుంది. ఆ తరువాత ఎంత ఖరీదైన ప్లగిన్ కొన్నా శవాలంకారమే. సింగిల్ కాయిల్ పికప్ అయితే ఇంటి కరెంటు 50 హెర్ట్జ్‌ల గుంయిమనే శ్రుతి కూడా అడక్కుండానే కలుపుతుంది.

"లేచి మోగు": ఎంత ఆలస్యంగా? 48,000 శాంపిల్ రేటులో 256 శాంపిళ్ల బఫర్ అంటే 5 మిల్లీ సెకన్ల పైచిలుకు. అంతసేపట్లో గాలిలో శబ్దం రెండు మీటర్లైనా నడవదు. రాకపోకలు, డ్రైవరు చేసే జాగు కలిస్తే మాత్రం వేలికీ చెవికీ ఎడం తెలుస్తుంది. విండోస్ వాళ్లు ఆసియో డ్రైవరును ఆశ్రయించడం ఇందుకే. ఇక స్పీకర్ క్యాబినెట్‌కు బదులు ఇంపల్స్ రెస్పాన్స్ పెట్టకపోతే డిస్టార్షన్ దోమల బ్యాటులా చిటపటలాడుతుంది.

పూర్వపక్షం: ఆంప్ లేని గిటార్ గిటారేనా? సమాధానం: 1968లో బీటిల్స్ "రివల్యూషన్" గిటార్లను నేరుగా మిక్సింగ్ డెస్కులోకే పోశారు. పెద్దల ఆచారమే ప్రమాణం.

"వందలు" అతిశయోక్తి కాదు, తక్కువ చెప్పడమే. న్యూరల్ ఆంప్ మోడలర్ ఉచితం. దానికి జనం ఊరికే పంచే ఆంప్‌లు లెక్కకు మిక్కిలి. రికార్డయ్యేది ఆంప్ కలవని పొడి సిగ్నల్ కాబట్టి ఆంప్‌ను రేపైనా మార్చుకోవచ్చు, ఎల్లుండైనా. కనుక "తుదకు" అన్న పదమే అనుమానాస్పదం. నాయకుడు తెల్లవారుజాము దాకా ప్రీసెట్లే మారుస్తాడు, పాట రెండో చరణం ఎక్కదు.

పాఠాంతరం: మారేడ్‌పల్లి ప్రతిలో చివరి పాదం "లేచి మోగునిల్లు లేచిపోవ" అని ఉంది. మానిటర్ స్పీకర్ల నాబ్ తగ్గించడం మరచిన రాత్రి రాసిన ప్రతి కావచ్చు. ఓనరు గారు దీన్నే శుద్ధ పాఠమంటున్నారు.