కోడిగుడ్డు మీద ఈకలు: సింప్సన్స్ అభిమానికి ఆరు చిట్కాలు

'ద సింప్సన్స్' చూసి నవ్వుకుని టీవీ కట్టేసేవాళ్లు మామూలు ప్రేక్షకులు. ప్రతి ఎపిసోడ్ మీదా నాలుగు పేజీలు రాసి, పాతదానికీ కొత్తదానికీ ఎక్కడ పొంతన కుదరలేదో తేల్చేవాడే అసలు అభిమాని. ఆ పీట ఎక్కాలనుకునే మీకు నా అనుభవసారం ఇదిగో.

1. పక్కన క్యాలెండర్ పెట్టుకోండి. సీరియల్ 1989 డిసెంబర్‌లో మొదలైంది. అప్పుడు సింప్సన్ల కొడుకు బార్ట్‌కు పదేళ్లు, ఇప్పటికీ పదేళ్లే. "కార్టూన్ కదండీ" అని ఊరుకుంటే మన పరువేం కాను? నలభై దాటాల్సిన మనిషిని ఇంకా నాలుగో తరగతిలోనే ఎందుకు కూర్చోబెట్టారని ప్రతి సమీక్షలోనూ నిలదీయండి.

2. చిక్కుముడి విప్పకండి. 1991 నాటి ఎపిసోడ్‌లో బార్ట్ అమ్మానాన్నలు మార్జ్, హోమర్ 1974లో హైస్కూల్లో దగ్గరవుతారు. 2008 నాటి ఎపిసోడ్‌లో చూస్తే, తొంభైల్లో కూడా పిల్లాజెల్లా లేకుండా ప్రేమించుకుంటూ ఉంటారు. పిల్లల వయసు కదలదు కాబట్టి అమ్మానాన్నల పడుచుతనమే ముందుకు జరుగుతూ పోవాలి. ఈ ముక్క మాత్రం పొరపాటున కూడా రాయకండి. వ్యాసం అక్కడితో అయిపోతుంది.

3. పొరపాటు జరిగిందని ఒప్పుకోకండి. 1990లో తెర మీద తొలిసారి కనిపించినప్పుడు, హోమర్ యజమానికి సహాయకుడైన స్మిదర్స్ ఒళ్లు ముదురు గోధుమ రంగులో ఉంది. తర్వాత అందరిలాగే పసుపుపచ్చ. రంగులు వేసిన దగ్గర తేడా జరిగింది, అంతే. కానీ "అంతే" అంటే పేజీ నిండదు. అతనికో కవల సోదరుణ్ణి పుట్టించండి. కథలో అలాంటివాడు లేడని ఎవరైనా అంటే, లేడని మాత్రం ఎక్కడ చెప్పారని ఎదురడగండి.

4. చావుల రిజిస్టర్ తెరవండి. 1990 నుంచి వస్తున్న హాలోవీన్ ఎపిసోడ్లు అసలు కథ లెక్కలోకి రావు. వాటిలో పోయినవాళ్లు మరుసటి వారం నిక్షేపంగా తిరుగుతుంటారు. మీరు మాత్రం సంతాపం ఆపకండి.

5. తీర్పులు పాటించకండి. 1997లో బార్ట్ బడి ప్రిన్సిపల్ స్కిన్నర్ నకిలీ అనీ, అసలు పేరు ఆర్మిన్ టామ్జేరియన్ అనీ తేల్చారు. ఆయనకు గొంతిచ్చిన హ్యారీ షియరర్‌కే ఆ కథ నచ్చలేదు. చివరికి ఊరంతా కలిసి, తిరిగొచ్చిన అసలు స్కిన్నర్‌ను కుర్చీకి కట్టి రైల్లో సాగనంపితే, ఇకమీద ఎవరూ ఈ ఊసెత్తకూడదని జడ్జి ఉత్తర్వు వేస్తాడు. ఆ ఉత్తర్వు స్ప్రింగ్‌ఫీల్డ్ పొలిమేర దాటదు. ఆయన పేరు వచ్చిన ప్రతిచోటా బ్రాకెట్లో 'టామ్జేరియన్' అని చేర్చండి.

6. ఎముకలు లెక్కపెట్టండి. అదే ఏడాది ఇంకో ఎపిసోడ్‌లో ఓ అభిమాని లేచి, కార్టూన్ పిల్లి పక్కటెముకల మీద ఎలుక జైలోఫోన్ వాయిస్తుంటే ఒకే ఎముక రెండుసార్లు కొట్టినా రెండు స్వరాలెలా పలికాయని అడుగుతాడు. అతని చొక్కా మీద 'మేధావి పనిలో ఉన్నాడు' అని రాసి ఉంటుంది. అంతటి మేధావికి రోజంతా పిల్లల కార్టూన్ చూడటమేం పనని హోమర్ తిరిగి అడుగుతాడు. అక్కడ అందరూ నవ్వుతారట. నేను నాలుగుసార్లు చూశాను. నవ్వెందుకో తెలియలేదు గానీ, ఆ ఎముక సంగతికి ఇంతవరకూ జవాబు రాలేదు.