వంటింటి ప్రమాణాల సంస్థ: ఒక పరిచయం

దేశంలో ఆహార భద్రతను ప్రస్తుతం రెండు సంస్థలు చూస్తున్నాయి. మొదటిది దిల్లీలో ఉంది. 2006 నాటి చట్టంతో పుట్టింది. దానికి చైర్మన్, శాస్త్రీయ సంఘాలు, వెబ్‌సైటు, లోగో అన్నీ ఉన్నాయి. రెండోది వంటిల్లు. దీనికి చట్టం లేదు, గెజిట్ లేదు, లోగో అసలే లేదు. పని మాత్రం దీనిదే ఎక్కువ. మొదటి సంస్థ గురించి 2024లో పత్రికలు రాస్తూనే వచ్చాయి కాబట్టి, రెండో సంస్థ నిర్మాణం, విధులు, అధికారాలు వివరించడానికే ఈ వ్యాసం పరిమితం.

సంస్థ ఎప్పుడు ఏర్పడిందన్న దానిపై భిన్నాభిప్రాయాలున్నా, 2024 ఏప్రిల్ 8ని స్థాపన దినంగా తీసుకోవడం సబబు. మన దేశంలో నమోదు కాని పురుగుమందుల అవశేషాలు మసాలా దినుసుల్లో కిలోకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదని అంతవరకూ ఉన్న పరిమితిని ఆ రోజున 0.1కి పెంచారు. అంటే పదింతలు. సరిగ్గా అంతకు మూడు రోజుల ముందే, పేరున్న రెండు భారతీయ కంపెనీల మసాలా పొట్లాల్లో ఇథిలీన్ ఆక్సైడ్ అనే పురుగుమందు ఉందని హాంకాంగ్ ప్రకటించింది. 2024 మే 5న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక వివరణ ఇచ్చింది. పరిమితి పెంపు శాస్త్రీయ సంఘం సిఫారసు మేరకే జరిగిందట. మన ప్రమాణాలు ప్రపంచంలోకెల్లా కఠినమైన వాటిలో ఉన్నాయట. పదింతలు సడలించాక కూడా కఠినంగానే ఉన్నాయంటే, మొదట ఎంత కఠినంగా ఉండేవో పాఠకులు ఊహించుకోవచ్చు. ఇక్కడ నమోదే కాని మందుకు ఇక్కడి కారంలో చోటెందుకు, ఆ చోటు పెంచడమెందుకు అన్నవి వంటింటి పరిధిలోకి వచ్చే ప్రశ్నలు కావు.

ఆ రోజుల్లోనే బాధ్యతల బదిలీ కూడా పూర్తయింది. బయటి పొడులు కొనకండి, ఇంట్లోనే కొట్టించుకోండి; సబ్బులు మానండి, సున్నిపిండి వాడండి; సహజంగా జీవించండి, విషాలకు దూరంగా ఉండండి అని టీవీ వైద్యులు, యూట్యూబ్ ఆరోగ్య గురువులు, వాట్సాప్ శాస్త్రవేత్తలు ముక్తకంఠంతో చెప్పారు. దిల్లీ సంస్థ కాదనలేదు. దస్త్రాల మీద సంతకాల అవసరం కూడా రాలేదు.

సంస్థలో ఉద్యోగి ఒక్కరే. రాత పరీక్ష లేదు, శుభలేఖే నియామక పత్రం. పదవీ విరమణ లేదు. కోడలు వచ్చాక కూడా సలహాదారు హోదాలో కొనసాగవలసి ఉంటుంది. పని గంటల విషయంలో లెక్కలున్నాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవాళ్లు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు, మగవాళ్లు 97 నిమిషాలు. ‘ఈసారి కారం ఇంట్లోనే కొట్టిద్దాం’ అని నిర్ణయించడానికి పట్టే సమయం ఆ 97లో కలిసిందో లేదో సర్వే చెప్పదు. 299 నిమిషాలు మాత్రం సున్నిపిండి ఉద్యమానికి ముందు నాటివి.

తయారీ విభాగాల్లో పెద్దది కారం విభాగం. ఇది ఎండాకాలంలో తెరుచుకుంటుంది. మిరపకాయలు డాబా మీద పోసి ఎండబెట్టాలి, తొడిమలు తీయాలి, సాయంత్రం మబ్బు పడితే పరుగున వెళ్లి ఎత్తాలి, ఆపైన మరకు పంపాలి. తొడిమలు తీసిన చేతులు ఆ రాత్రంతా మండుతాయి. అది సహజమైన మంట కాబట్టి ఫిర్యాదుల పుస్తకంలో దానికి కాలమ్ లేదు. స్నానాల విభాగంలో కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి రసం పిసుకుతారు. పెసలు, బావంచాలు, కచ్చూరాలు కలిపి సున్నిపిండి పట్టిస్తారు. దంతధావన విభాగానికి వేపచెట్టు కావాలి. అపార్ట్‌మెంట్లలో ఆ విభాగం ఆన్‌లైన్లో వేపపుల్లలు తెప్పించుకుని నడుస్తోంది.

గచ్చు కడిగే విభాగం కొత్తగా చేరింది. ఒక వంతు బెల్లం, మూడు వంతుల నిమ్మ, బత్తాయి తొక్కలు, పది వంతుల నీళ్లు సీసాలో పోసి మూడు నెలలు మాగబెడితే ఇల్లు తుడిచే ద్రవం తయారవుతుంది. మొదటి నెలలో రోజూ మూత వదులు చేసి గ్యాసు పోనివ్వాలి. మరిచిపోతే సీసా పేలే ప్రమాదముంది. ఈ మూడు నెలలూ గచ్చు ఏం చేయాలన్న దానిపై మార్గదర్శకాలు ఇంకా వెలువడలేదు. పాల విభాగం వేరుశనగ పప్పు, కొబ్బరి రుబ్బి పిండటం దగ్గర ఉంది. దాని ప్రస్తావన ఇంతటితో చాలు.

ప్రయోగశాల గురించి కొంత వివరంగా చెప్పాలి. కల్తీని ఇంట్లోనే పట్టే పరీక్షలతో దిల్లీ సంస్థ ఒక పుస్తకమే వేసింది. కారప్పొడిని గ్లాసుడు నీళ్లలో వేస్తే రంపపుపొట్టు పైకి తేలుతుంది, కలిపిన రంగు చారలుగా దిగుతుంది. మిరియాల్లో బొప్పాయి గింజలుంటే నీళ్లలో తేలతాయి. ఏటవాలు పలక మీద స్వచ్ఛమైన పాలచుక్క తెల్లటి జాడ వదులుతూ మెల్లగా జారుతుంది. ఇవన్నీ నిజంగా పనికొచ్చే పరీక్షలే, ఇటుకపొడి కలిపే వ్యాపారి వీటికి దొరుకుతాడు. పరికరాలు కూడా అందుబాటులో ఉన్నవే: ఒక గాజు గ్లాసు, మంచినీళ్లు.

చిక్కల్లా కొత్త పరిమితితోనే. కిలోకు 0.1 మిల్లీగ్రాము అంటే కోటి వంతుల్లో ఒక వంతు. దాన్ని పట్టడానికి క్రొమటోగ్రఫీ, మాస్ స్పెక్ట్రోమెట్రీ యంత్రాలు కావాలి. అవి మిక్సీ పక్కన పట్టవు. పురుగుమందు నీళ్లలో తేలదు, చారలు కట్టదు, పలక మీద జాడ వదలదు. గ్లాసు ముందు నిలబడ్డ ఉద్యోగికి కనిపించేది ఎర్రటి, నిఖార్సయిన, కల్తీ లేని కారం. ఫలితాల పట్టికలో ఆమె ‘స్వచ్ఛం’ అని రాసుకుంటుంది.

శుద్ధి విభాగం కూడా ఇక్కడే ఆగిపోతుంది. కూరగాయలను ఉప్పునీళ్లలోనో చింతపండు నీళ్లలోనో నానబెట్టి కడిగితే పైనున్న మందు కొంత పోతుంది. కానీ మిరపతోటలో కొట్టే మందుల్లో చాలా వాటిని మొక్క లోపలికి పీల్చుకుంటుంది. కండలోకి చేరినదాన్ని ఏ నీళ్లూ కడగలేవు. పైగా ఎండుమిరపకాయలను కడిగి సరిగా ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. ఆ బూజులో పుట్టే అఫ్లటాక్సిన్ మరో విషం. కంపెనీ పొట్లంలో కారమైనా, మర దగ్గర నిలబడి ఆడించుకున్న కారమైనా గుంటూరు యార్డులో ఒకే కుప్పలోంచి వచ్చి ఉండవచ్చు. రంపపుపొట్టునైతే ఇంట్లో కొట్టించుకుని తప్పించుకోవచ్చు. కాయలోనే ఉన్నదాన్ని ఇల్లు మారినంత మాత్రాన తప్పించుకోలేం.

సంస్థ అధికారాల విషయానికొస్తే: లైసెన్సు రద్దు చేసే అధికారం లేదు. సరుకు వెనక్కి రప్పించే అధికారం లేదు. పొలం తనిఖీ చేసే అధికారం లేదు. పరిమితి ఎంత ఉండాలో చెప్పే శాస్త్రీయ సంఘంలో కుర్చీ లేదు. ఇంట్లో ఎవరికైనా కడుపునొప్పి వస్తే ‘ఏం వండావు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పే బాధ్యత మాత్రం పూర్తిగా ఉంది. నిధులు ఇంటి ఖర్చుల్లోంచే సర్దుకోవాలి.

దిల్లీ యంత్రాంగం తన అధికారాలను ఎలా వాడిందో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు చరిత్ర చెబుతుంది. కూరగాయల మీద ఆ మందు వాడకూడదని 2005లోనే ఉత్తర్వులున్నాయి. 2024 మే 5 నాటి ఆరోగ్య శాఖ వివరణలో మాత్రం మిరపకాయలో అది కిలోకు 0.2 మిల్లీగ్రాముల దాకా ఉండవచ్చన్న అంకె ఉంది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మందుతో భారత్‌లో జరుగుతున్న హానిపై ప్రత్యేకంగా నివేదిక ఇచ్చింది. 2013 జులైలో బిహార్‌లోని సారణ్ జిల్లాలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. వంటనూనెలో కలిసింది అదే మందు. ఆ తర్వాత కూడా అది దుకాణాల్లో దొరికింది. 2017లో ఆదిలాబాద్ సరిహద్దు అవతల యవత్మాల్‌లో పత్తిచేలకు మందులు కొడుతూ 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రవాన్ని ఆపే ఉత్తర్వు 2023లో గానీ రాలేదు. అందులోనూ ఉన్న నిల్వలు అమ్ముకోవడానికి వ్యాపారికి గడువిచ్చారు. పిల్లలు పోయిన పదేళ్లకు తీరిగ్గా నిషేధించి, నష్టం రాకూడదని సరుకు అమ్ముకోనిచ్చిన యంత్రాంగమిది. ఈ దేశపు ప్రమాణాలు కఠినమంటూ ప్రకటన ఇవ్వడానికి దానికి నోరెలా వచ్చింది? వీపున ట్యాంకు కట్టుకుని, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని మందు కొట్టే కూలీకి ఏ సున్నిపిండి సలహా ఇస్తారు? సాయంత్రం దాకా ఆ చేలో మిరపకాయలు కోసి, ఆ చేతులతోనే ఇంటికొచ్చి వంట చేసే ఆడమనిషి వంటిల్లు కూడా ఈ సంస్థ శాఖే. అక్కడ సహజ జీవనం గురించి మాట్లాడటానికి కొంచెమైనా సిగ్గుండాలి. పరిమితి దిల్లీలో పెంచుతారు, మందు పొలంలో కొట్టిస్తారు, జాగ్రత్త మాత్రం వంటింటిని పడమంటారు. ఇది ఆరోగ్య సలహా కాదు, చేతులు దులుపుకోవడం.

విషాన్ని పొలంలోనే ఆపవచ్చని తెలుగునాట రుజువైంది. ఉమ్మడి ఖమ్మం జిల్లా పునుకులలో 2000ల తొలినాళ్లలో మహిళా సంఘాలు పూనుకుని, పత్తి, మిరప పండే చోటనే పురుగుమందులు మాన్పించి వేపగింజల కషాయం మీదికి మళ్లించాయి. ఉమ్మడి వరంగల్ జిల్లా ఏనెబావి 2006లో ఊరంతా సేంద్రియ సాగులోకి వచ్చింది. అక్కడ పని చేసే వేప ఇక్కడ పళ్లు తోముకునే వేపే, చేలో వాడారు కాబట్టి కాయలోకి విషం చేరలేదు. దిల్లీ సంస్థ అలాంటి ఊళ్లను లెక్కలోకి తీసుకుని పరిమితిని కిందికి దించవచ్చు. యార్డుకు వచ్చే సరుకును పరీక్షించి, ఏ మందు ఎంత ఉందో బస్తా మీద రాయించవచ్చు. ఆ పనులు జరిగిన నాటి నుంచి వంటింటి ప్రమాణాల సంస్థ రద్దయినట్టు భావించాలి. అప్పటివరకు ఏప్రిల్ 8 నాటి ఉత్తర్వు అమల్లో ఉంటుంది.