రాదు సద్దు: టీకా తాత్పర్య సహితం

ఆ.వె.
కార్డు కలదు లోన కర్నెలు గుర్తించె
డ్రైవరుండె గాని రాదు సద్దు
మ్యూటుఁ దీయు మంత్ర మొక్కటి యుండఁగా
క్రొత్త కార్డు కొనఁగఁ గోరనేల?

ప్రతిపదార్థం: లోన = ల్యాప్‌టాప్ గర్భమందు; కార్డు = ధ్వనిని పుట్టించు చిప్పు (మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది, పాతకాలపు పేరు మాత్రం పోలేదు); కలదు = ఉన్నది (ఇందుకు ఎల్‌ఎస్‌పీసీఐ ఆదేశం ప్రమాణం); కర్నెలు = లినక్స్ కర్నెల్; గుర్తించె = ఏప్లే -ఎల్ అనగానే దాని పేరు చదివెను; డ్రైవరుండె గాని = ఎస్‌ఎన్‌డీ-హెచ్‌డీఏ-ఇంటెల్ అను మాడ్యూలు ఎక్కి కూర్చున్నప్పటికీ; సద్దు = చప్పుడు; రాదు = రాదు. తక్కినది సుగమం.

తాత్పర్యం: కార్డు ఉంది, లినక్స్ దాన్ని చూసింది, డ్రైవరూ ఎక్కింది, అయినా పాట వినపడదు. మ్యూట్ తీస్తే పోయేదానికి కొత్త కార్డు కొంటానంటావేమయ్యా అని కవి మందలింపు.

అలంకారం: కారణాలన్నీ ఉన్నా కార్యం కలగలేదు కనుక విశేషోక్తి. శబ్దాలంకారం వెతకనక్కర్లేదు, లోటంతా శబ్దానిదే.

విశేషాంశాలు:

"మ్యూటు" – ఇది లోపం కాదు, ఆచారం. లినక్స్ ధ్వని వ్యవస్థ ఆల్సా తన ఛానళ్లన్నీ మూసిపెట్టుకునే పుడుతుంది. తెరిచే భారం డిస్ట్రిబ్యూషన్‌ది, అది మరిచిపోతే మనది. దాని వాల్యూంలు సరిచేసే ఆల్సామిక్సర్‌లో ప్రతి స్తంభం కిందా "ఎంఎం" అనో "00" అనో రాసి ఉంటుంది. ఎంఎం అంటే మూసి ఉంది, 00 అంటే తెరిచి ఉంది. సున్నాలు చూసి ధ్వని శూన్యమనుకోవడం పూర్వపక్షం. ఎం మీట నొక్కితే మూత వీడుతుందన్నది సిద్ధాంతం.

"మంత్ర మొక్కటి" – ఇక్కడ కవితో మాకు పేచీ. ఒక్కటెక్కడిది? మాస్టర్ స్తంభం తెరిచినా స్పీకర్ మూసి ఉండవచ్చు. స్పీకర్ తెరిచినా పీసీఎం అడుగంటి ఉండవచ్చు. ఆల్సా పైన కూర్చునే పల్స్‌ఆడియో నడుస్తుంటే ఆల్సామిక్సర్ తెరవగానే కనిపించేది కార్డు కూడా కాదు, ఒంటి మాస్టర్ స్తంభంతో నిలబడ్డ పల్స్‌ఆడియో. ఎఫ్6 నొక్కి కార్డును ఎంచుకున్నాకే అసలు రూపం. అందులో ఆటో-మ్యూట్ మోడ్ అని ఒకటుంటుంది. హెడ్‌ఫోన్ గుచ్చగానే స్పీకర్ల నోరు నొక్కడం దాని పని. ఏమీ గుచ్చకపోయినా గుచ్చారని భ్రమపడే జాక్‌లున్నాయి. వేదాంతుల రజ్జుసర్పానికి ఇంతకంటే మంచి దృష్టాంతం దొరకదు.

మంత్రాలు ఇన్ని కావడానికి మతభేదాలే కారణం. 1992లో హన్ను సావొలైనెన్ మొదలుపెట్టిన ధ్వని డ్రైవర్ల మార్గం తర్వాత ఓఎస్ఎస్ అనిపించుకుంది. చాలా కార్డుల మీద ఒక ప్రోగ్రాం పలుకుతుంటే ఇంకొకటి నోరు మూసుకోవాల్సిందే. 1998లో యారోస్లావ్ కిసెలా ఆల్సా ఆరంభించాడు, 2003 డిసెంబరులో వచ్చిన 2.6 కర్నెల్‌తో అది స్థిరపడింది. దానిపైన లెన్నార్ట్ పోటరింగ్ పల్స్‌ఆడియో, 2007లో ఫెడోరా 8 డిస్ట్రిబ్యూషన్‌తో ఇంటింటికీ వచ్చింది. 2021లో ఫెడోరా 34 దాన్ని దింపి విమ్ టేమన్స్ పైప్‌వైర్‌ను ఎక్కించింది. చిత్రమేమంటే వీటిలో ఏదీ పాతదాన్ని కాదని రాలేదు. ఆల్సా ఓఎస్ఎస్‌లా నటించగలదు, పైప్‌వైర్ పల్స్‌ఆడియోలా నటిస్తుంది. ఎవరికి వారు తమ మ్యూట్ బొత్తం ఒకటి పెట్టుకున్నారు. పాట అన్ని గడపలూ దాటాలి.

"గుర్తించె" – ఎవరిని గుర్తించెనో కవి చెప్పక తప్పుకున్నాడు. ఏప్లే పట్టికలో 0వ కార్డు హెచ్‌డీఎంఐ అయితే పాట స్పీకర్లు లేని మానిటర్‌లోకి నిక్షేపంగా వెళ్లిపోతుంది. కొత్త ఇంటెల్ ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో చిప్పు కనిపించినా, సోఫ్ (సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్) లేకపోతే కార్డు నిలబడదు. అప్పుడు సెట్టింగ్స్‌లో "డమ్మీ అవుట్‌పుట్" అనే ఉత్సవ విగ్రహం దర్శనమిస్తుంది. దాని వాల్యూం ఎంత పెంచినా పెరుగుతుంది.

పాఠాంతరం: నాలుగో పాదంలో "క్రొత్త కార్డు"కు బదులు "యూఎస్‌బీ కార్డు" అని చదివేవారున్నారు. గణం చెడింది, యతీ చెడింది. కానీ ఆ జాతి కార్డులు చాలామటుకు ఒకే ప్రమాణానికి కట్టుబడతాయి కనుక ఎస్‌ఎన్‌డీ-యూఎస్‌బీ-ఆడియో అనే ఒక్క డ్రైవరు సరిపోతుంది, గుచ్చగానే పలుకుతాయి. ఛందస్సు సంగతి కవి చూసుకోవాలి.