సెల్‌సంజీవని: ఒక తేటగీతికి టీకా తాత్పర్యం

అవతారిక

సికిందరాబాదులో రాత్రి బండికి బయలుదేరుతున్న మేనల్లుడికి మేనమామ చెప్పిన పద్యమిది. మేనల్లుడు అప్పటికే చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. ఫోనులో పదిహేడు శాతం ఉంది. "బండిలో పెట్టుకుంటాలే మామయ్యా" అన్నాడు. టిక్కెట్టు, ఆధారు, ఆటోవాడికిచ్చే డబ్బు, దిగాక వెళ్లాల్సిన ఇంటి అడ్రసు, ఈ నాలుగూ ఆ ఒక్క పలకలోనే ఉండే రోజుల్లో అది సామాన్యమైన మాట కాదు. అది విన్న మామయ్య నోట ఆశువుగా వెలువడిందే ఈ తేటగీతి.

దీనికి ఇంతవరకు వ్యాఖ్య లేకపోవడం తెలుగువారి దురదృష్టం. మెదకు సీమవాడైన మల్లినాథసూరి కాళిదాసుకు సంజీవని రాస్తూ, మూలంలో లేని మాట చెప్పకూడదని నియమం పెట్టుకున్నాడు. మాకు అంత నియమం లేదు. మూలం నాలుగు పాదాలే, ప్రయాణం పన్నెండు గంటలు.

మూలం

తే.గీ. రైలుపెట్టెలో ప్లగ్గును రాత్రి నమ్మ
వలదు; నింపుకో యింటను పవరు బ్యాంకు;
చేతిసంచిలో నుంచుము, సిగ్నలుడుగు
చోట వెదుకనీయకు ఫోను, సుఖము గలుగు.

ప్రతిపదార్థం

రైలుపెట్టెలో = రైలు బోగీయందు; ప్లగ్గును = కిటికీ పక్కనుండే మూడు బొక్కల పలకను; రాత్రి = అందరూ పడుకున్న వేళ; నమ్మవలదు = నమ్మరాదు (నమ్మినవారికి తెల్లవారాక తెలియునని భావము); ఇంటను = సొంత గోడకు; పవరు బ్యాంకు = వడ్డీ ఇవ్వకపోగా అసలులో కొంత కోసుకొను బ్యాంకును; నింపుకో = ముందురోజే నిండా ఎక్కించుకొనుము; చేతిసంచిలో = ఒడిలో గాని భుజాన గాని ఉండు సంచిలో; ఉంచుము = పెట్టుకొనుము; సిగ్నలు ఉడుగు చోట = టవరు అందని తావున; ఫోను = ఫోనును; వెదుకనీయకు = టవరు కోసం దేవులాడనీయకు; సుఖము = దిగిన స్టేషనులో ఆటోను పిలవగల స్థితి; కలుగు = కలుగును.

తాత్పర్యం

ఓ మేనల్లుడా! రాత్రిపూట బోగీలో ప్లగ్గు పనిచేస్తుందని ధీమాగా ఉండకు. పవరు బ్యాంకును ఇంట్లోనే నింపుకొని చేతికి అందేలా పెట్టుకో. సిగ్నలు లేనిచోట ఫోనును ఊరికే వెతకనివ్వకు. ఇలా చేస్తే సుఖపడతావు.

వ్యాఖ్య

రాత్రి: ఈ ఒక్క మాటే కవికాలాన్ని పట్టిస్తుంది. 2013 డిసెంబరులో బెంగళూరు–నాందేడ్ ఎక్స్‌ప్రెస్ ఏసీ బోగీ అనంతపురం జిల్లా కొత్తచెరువు దగ్గర తగలబడి 26 మంది చనిపోయారు. ఆ తర్వాతే రాత్రి పదకొండు నుంచి ఉదయం ఐదు దాకా ఛార్జింగు పాయింట్లకు కరెంటు ఆపాలన్న సూచన వచ్చింది. 2021 మార్చిలో కొన్ని రైల్వే జోన్లు దాన్ని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టాయి. కాబట్టి కవి ఆ తరువాతివాడు. పదకొండింటికి ప్లగ్గులో పెట్టి, తలగడ కింద ఫోను దోపి, నిశ్చింతగా నిద్రపోయే వీరుడు ఉదయం చూసుకునేది పదిహేడు కాదు, పది. ఈ నియమం ఎందుకొచ్చిందో తెలిస్తే విసుక్కోవడానికి నోరు రాదు.

ప్లగ్గును: రాత్రి కరెంటు ఆపారు సరే, పగలు నమ్మవచ్చునా అని శంక. స్లీపరు బోగీలో ఆ పలక వంక ఒక్కసారి చూడండి. ఛార్జరు పెడితే నిలవదు. ఎవరో టీ కప్పు చించి, ఆ అట్టముక్కను మడిచి సందులో దోపి ఉంటారు. బండి పట్టాలు మారినప్పుడల్లా ఛార్జరు గడగడలాడి జారుతుంది, ఫోను మీద మెరుపు గుర్తు ఆరిపోతుంది, పై బెర్తులో ఉన్న ఫోను యజమానికి ఆ సంగతి తెలియదు. కిటికీ పక్కనున్న పాపానికి కింది బెర్తు ఆయన ముగ్గురి ఫోన్లకు కాపలాదారు అవుతాడు. పగలు నమ్మమని కవి చెప్పలేదు, రాత్రి వద్దని మాత్రమే అన్నాడు. మిగతాది మన అనుభవానికి వదిలాడు.

ఆ ప్లగ్గులో మరో విశేషముంది. ఇంట్లో గోడకు వచ్చేది 230 వోల్టులు, బోగీలో ఛార్జింగు పాయింటుకు వచ్చేది 110. ఫోనుకేమైనా అవుతుందేమోనని భయపడనక్కర్లేదు. ఛార్జరు వెనక చీమ తలకాయంత అక్షరాల్లో 100–240 అని రాసి ఉంటుంది. ఆ మధ్యలో ఎంత వచ్చినా అది సర్దుకుంటుంది. కొడుకు దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకు అభయమిచ్చేదీ ఆ అక్షరాలే. అక్కడి గోడలో 120 వోల్టులు, అంటే మన రైలుపెట్టెకు దగ్గరి చుట్టం. అక్కడ మారేది ప్లగ్గు కాళ్లే. మన గుండ్రటి కాళ్లకు బదులు చదును రేకులుంటాయి. కువైటుకో దుబాయికో వెళ్లే కడప, కోనసీమ వాళ్లకు వోల్టులు ఇంచుమించు మనవే, కాళ్లు మాత్రం మూడు, పలకలుగా. కాళ్లు మార్చే చిన్న అడాప్టరు చాలు. కరెంటును మార్చే బరువైన ట్రాన్స్‌ఫార్మరు ఫోనుకు దండగ.

నింపుకో: ఇక్కడ పెద్దలలో అభిప్రాయభేదముంది. బ్యాటరీ ఎక్కువ కాలం బతకాలంటే ఎనభై దాటించరాదని ఒక సంప్రదాయం. అది రోజువారీ ధర్మం. ప్రయాణదినాన నూరు దాకా నింపడం ఆపద్ధర్మం, దోషం లేదు. 1991లో సోనీ బజారులోకి తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ స్వభావం తెలిస్తే కవి 'ఇంటను' అని ఎందుకన్నాడో బోధపడుతుంది. ఖాళీగా ఉన్నప్పుడు అది కరెంటును గబగబా తాగుతుంది. ఒక్కో సెల్లు దాదాపు 4.2 వోల్టులకు చేరేసరికి ఛార్జింగు సర్క్యూటు ధారను సన్నగిల్లజేస్తుంది. అందుకే చివరి ఇరవై శాతం అంతసేపు తింటుంది. ఆ తీరిక ఇంట్లో ఉంటుంది గాని బస్టాండులో ఉండదు. బస్టాండులో అరగంట దొరికితే పదిహేనులో ఉన్నప్పుడు పెట్టాలి, ఎనభైలో ఉన్నప్పుడు కాదు.

'నింపుకో' అని వాడుకభాషలోను, 'ఉంచుము' అని గ్రాంథికంలోను అనడం భాషాదోషం కదా అంటే, కాదు. ఇంట్లో చేసే పనికి ఇంటిభాష వాడాడు, ప్రయాణపు పనికి మర్యాదగా మాట్లాడాడు.

పవరు బ్యాంకు: 'రు' తర్వాత సంయుక్తాక్షరం వచ్చినా రెండూ వేరు పదాలు కనుక 'రు' లఘువే. గణం నిలిచింది. నిలవనిది అట్టపెట్టె మీద అంకె. పది వేల ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది లోపలి సెల్లు లెక్క, 3.7 వోల్టుల దగ్గర. బయటికి 5 వోల్టులుగా మార్చి ఇచ్చేటప్పుడు వోల్టులు పెరిగిన మేరకు అంకె తగ్గుతుంది, వేడిగా మరికొంత పోతుంది. 5 వోల్టుల లెక్కలో మిగిలేది ఆరు వేల పైచిలుకు. 'రేటెడ్ కెపాసిటీ' అని సన్నగా రాసేది ఆ లెక్కే. అయిదు వేల ఫోనును ఇది రెండుసార్లు నింపుతుందని అనుకుంటాం, ఒకటిన్నరసార్లకు చేతులెత్తేస్తుంది. మామూలు ఛార్జరుతో దాన్ని నింపడానికి నాలుగైదు గంటలు పడుతుంది. స్నానానికి వెళ్లేముందు పెట్టి బయలుదేరేముందు తీస్తే, మోసేది బరువే.

చేతిసంచిలో: 'పెద్దపెట్టెలో నుంచుము' అని ఒక పాఠాంతరం ప్రచారంలో ఉంది. అది పరిహార్యం. గణాలు సరిపోతాయి గాని యతి తప్పుతుంది, మతీ తప్పుతుంది. విమానాశ్రయంలో బెల్టు మీద వేసే సామానులో పవరు బ్యాంకు పెట్టరాదని అన్ని దేశాల నియమం. లిథియం సెల్లు వేడెక్కి అంటుకుంటే విమానం కడుపులోని సామాను గదిలో చూసేవాడుండడు. మనిషి దగ్గరుంటే పొగ కనబడుతుంది. 100 వాట్‌అవర్ల దాకా చేతిసంచిలో అనుమతి. ఇరవై వేల ఎంఏహెచ్‌ను 3.7తో గుణించి వెయ్యితో భాగిస్తే 74, హాయిగా ఎక్కవచ్చు. ఇరవై ఏడు వేలు 99.9, గీత మీద నడక. ముప్ఫై వేలు దాన్ని దాటుతుంది, విమానసంస్థ ముందే ఒప్పుకోవాలి.

చేతిసంచి అన్నాక తలపైన అరలో పెట్టేస్తే సరిపోదా? సరిపోదని దక్షిణ కొరియా చెప్పింది. 2025 జనవరిలో బూసాన్ విమానాశ్రయంలో, ఇంకా లేవని ఎయిర్ బూసాన్ విమానంలో తలపై అరలోనే మంటలు పుట్టాయి. ప్రయాణికులంతా బతికి బయటపడ్డారు. పవరు బ్యాంకు మీదే అనుమానం. మార్చి నుంచి అక్కడ ఆ అరలో పెట్టడం నిషిద్ధం. 'చేతి' అన్న మాటకు చేతికి అందేదని అర్థం చెప్పడమే యుక్తం.

సిగ్నలుడుగు చోట: నంద్యాల దాటి గిద్దలూరు వైపు వెళ్లే బండి నల్లమలలో దూరినప్పుడు, మన్ననూరు దాటి శ్రీశైలం బస్సు అడవి పట్టినప్పుడు, 58 సొరంగాలున్న కొత్తవలస–కిరండూల్ దారిలో అరకు ఎక్కేటప్పుడు ఫోను జేబులో ఊరకే ఉందనుకుంటాం. ఊరకే ఉండదు. టవరు ఎంత దూరమైతే అంత బిగ్గరగా కేక వేస్తుంది. అందకపోతే మళ్లీ మళ్లీ వెతుకుతుంది. మనం ముట్టుకోకుండానే శాతం జారేది ఇందుకే. ఎయిర్‌ప్లేన్ మోడ్ అనే మీట విమానం కోసమే అనుకునేవారు ఎర్రబస్సులోనూ దాన్ని నొక్కవచ్చు. పాటలు, దారి పటం ముందే దించుకుంటే ఆ మోడ్‌లోనూ పనిచేస్తాయి. జీపీఎస్‌ది వినే పనే, ఫోను ఉపగ్రహంతో మాట్లాడనక్కర్లేదు. తెర వెలుతురు తగ్గిస్తే ఇంకా మేలు.

ఆక్షేపణ, సమాధానం

ఆక్షేపణ: ప్రయాణంలో ఛార్జింగు గురించి పద్యం చెబుతూ, ప్రయాణంలో ఛార్జింగు పెట్టుకోమని కవి ఎక్కడా అనలేదు. ఇది విషయలోపం.

సమాధానం: అదే విషయం. నాలుగు పాదాల్లో విధిక్రియలు నాలుగు: నమ్మవద్దు, నింపుకో, ఉంచు, వెదుకనీయకు. ప్లగ్గు వెతకమన్న క్రియ లేదు. దారిలో దొరికే ప్లగ్గు పరాధీనం. అది రైల్వేవారి గడియారాన్ని, పక్కవాడి దయను, అట్టముక్క బిగువును పట్టి ఉంటుంది. ఇంట్లో నింపినదీ దారిలో ఖర్చు చేయనిదీ స్వాధీనం. దారిలో ఛార్జింగు దొరికితే అది లాభం, లెక్కలో వేసుకునే ఆదాయం కాదు. అరవై శాతం ఆదా చేసినవాడికి అరవై శాతం సంపాదించే పని తప్పుతుంది.

మళ్లీ ఆక్షేపణ: స్టేషనుల్లోను, విమానాశ్రయాల్లోను ఉచితంగా యూఎస్‌బీ రంధ్రాలున్నాయి కదా?

సమాధానం: ఉన్నాయి. ఆ తీగలోనే కరెంటుతో పాటు సమాచారమూ నడవగలదు గనుక రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన మోసాల పుస్తకంలో దీని గురించీ హెచ్చరించింది. సొంత ఛార్జరును గోడ ప్లగ్గులో పెట్టుకుంటే ఆ బెడద లేదు. రంధ్రమే గతి అయితే, ఫోను అడిగే ప్రశ్నకు 'ఛార్జింగు మాత్రమే' అన్నదే జవాబు.

రసనిర్ణయం

తొంభైలో ఉన్నప్పుడు వీరం: పక్కవాడికి క్రికెట్టు కూడా చూపిస్తాం. ఇరవైలో భయానకం. ఐదులో కరుణ. ఇతరుల ఛార్జరు మన ఫోనుకు పట్టనప్పుడు రౌద్రం. నూరు దాకా నింపుకొని వచ్చిన సహప్రయాణికుడు సినిమా చూస్తుంటే కలిగేది అద్భుతం. శాంతం స్విచాఫ్ అయ్యాకే సిద్ధిస్తుంది, దాన్ని ఈ కవి కోరలేదు.

అభ్యాసం

1. ప్రతిపదార్థ తాత్పర్యములు వ్రాయుము. (ఫోనులో చూడరాదు.)

2. మీ పవరు బ్యాంకు మీది అంకెను వాట్‌అవర్లలోకి మార్చి, అది విమానమెక్కునో లేదో తేల్చుము.

3. "బాబూ, ఒక్క పది నిమిషాలు పెట్టుకుని ఇస్తా." ఈ మాటలకు సందర్భసహిత వ్యాఖ్య వ్రాయుము. అన్నాయన మీకంటే ముందు స్టేషనులో దిగునా, తరువాత దిగునా అన్నది ముందుగా విచారింపుము.